ఎవరి ఈరోజు? ఏ సంవత్సరం? బడి రిపోర్టుల్లో సిస్టం వేరియబుల్స్ గొడవ

2025 జూన్ మొదటి వారంలో, బడులు తెరవడానికి ఇంకా వారం పది రోజులుందనగా, గుంటూరు బ్రాడీపేటలో మా రెండు గదుల ఆఫీసులో కూర్చుని ఒక లెక్క వేశాను. మా స్కూలు సాఫ్ట్‌వేర్‌లో మొత్తం 61 రిపోర్టులున్నాయి. వాటి క్వెరీల్లో, అంటే డేటాబేస్‌ని సమాచారం అడిగే ఆదేశాల్లో, ఎన్నిట్లో 7 అనే అంకె నేరుగా రాసి ఉందో వెతికితే 44 తేలాయి. ఆ 7 ఏమిటంటే, మేం 2018-19లో మొదలుపెట్టాం కాబట్టి ఆ విద్యాసంవత్సరం మా టేబుల్లో 1, ఆ వరసలో 2024-25 ఏడోది. హాజరు శాతం, టర్మ్ ఫీజు బాకీలు, డీసీబీ (రావాల్సిన ఫీజు, వసూలైంది, మిగిలింది చూపే పట్టిక), బస్సు రూటు వారీ పిల్లల జాబితా, ఎఫ్ఏ (ఫార్మేటివ్ పరీక్షల) మార్కుల పట్టిక, అన్నిట్లోనూ "విద్యాసంవత్సరం ఐడీ ఈజీక్వల్‌టు 7" అని ఉంది. ప్రతి జూన్‌లో ఎవరో ఒకరు కూర్చుని ఆ అంకె మారుస్తారు. బడి వాళ్లకు పుస్తకాలకు అట్టలు వేసుకునే సీజన్ ఎలాగో మాకు ఇది అలాగ.

అంతకు ముందు ఏడాది మా ఆఫీసు కుర్రాడు తొందరలో ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టాడు, 6 ఉన్నచోటల్లా 7. విద్యాసంవత్సరంతో పాటు ఆరో తరగతి కూడా ఏడో తరగతి అయిపోయింది. వారం రోజుల పాటు ఆరో తరగతి రిపోర్టు తీస్తే ఏడో తరగతి పిల్లలు వచ్చారు. కొత్త అడ్మిషన్ల హడావుడిలో ఎవరూ చూడలేదు. చూశాక మాత్రం బాగానే చూశారు.

కాబట్టి క్వెరీలో సంవత్సరం అంకె రాయకూడదు, ప్రస్తుత సంవత్సరం ఏదో సిస్టం వేరియబుల్ నుంచి, అంటే సిస్టం తానే గుర్తుపెట్టుకుని అడిగితే ఇచ్చే విలువ నుంచి, తీసుకోవాలి అన్నది మొదటి మాట. ఈ మాట ఎవరైనా చెబుతారు. నాకు చెప్పాలని ఉన్నది దీని తరవాతి మాట. సిస్టం వేరియబుల్ "ఇప్పుడు" అని ఒక జవాబిస్తుంది, ఆ ఇప్పుడు ఎవరిదో అడక్కుండా దాన్ని రిపోర్టులో పెడితే అంకె రాసినప్పటి కంటే పెద్ద తప్పు జరుగుతుంది, పైగా అది కనపడదు. 7 అని రాసి ఉంటే కనీసం తప్పు కళ్లెదురుగా ఉంటుంది. ఏడేళ్లలో నాకు తగిలిన దెబ్బల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకమే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. రిపోర్టు క్వెరీలో వాడుకునే ఇలాంటి విలువలు మూడు చోట్ల నుంచి వస్తాయి. ఒకటి డేటాబేస్ సొంతవి. మేం వాడే డేటాబేస్ పేరు మైఎస్‌క్యూఎల్. మైఎస్‌క్యూఎల్‌లో ముందు రెండు అట్ గుర్తులు పెట్టి రాసేవి, టైమ్ జోన్ లాంటివి, వీటిలో సర్వర్ మొత్తానికి ఒక విలువ, మన కనెక్షన్‌కి ఒక విలువ వేరువేరుగా ఉండొచ్చు. రెండోది ఈరోజు తేదీ, ఇప్పటి సమయం ఇచ్చే ఫంక్షన్లు. మూడోది సాఫ్ట్‌వేర్ తానే గుర్తుపెట్టుకునేవి: లాగిన్ అయింది ఎవరు, ఏ బ్రాంచి, ఏ విద్యాసంవత్సరం. ఒకే అట్ గుర్తుతో రాసేవి యూజర్ వేరియబుల్స్, అవి వేరే కథ. ర్యాంకులు వేయడానికి ఒకప్పుడు అందరం వాటినే వాడాం. మొదట సున్నా పెట్టడం మరిచిపోతే, ఒకే కనెక్షన్‌ని మళ్లీ మళ్లీ వాడే చోట ముందు తరగతి లెక్క అక్కడే మిగిలిపోయి తరవాతి సెక్షన్ మొదటి ర్యాంకు 43 అయ్యేది. గుంటూరు, విజయవాడ, మన ఈ రెండు ఊళ్లలో ర్యాంకు తప్పుగా వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా. 2018లో వచ్చిన 8.0 వెర్షన్‌లో ర్యాంకు ఫంక్షన్లే వచ్చేశాయి, ఆ కథ అక్కడితో ముగిసింది.

మళ్లీ సంవత్సరం దగ్గరికి వద్దాం. మొదటి వెర్షన్‌లో నేను చేసిన ఘనకార్యం, ఈరోజు తేదీలోంచి సంవత్సరం తీసి దాన్నే విద్యాసంవత్సరం అనుకోవడం. డిసెంబరు 31 దాకా బ్రహ్మాండంగా పనిచేసింది. జనవరి 1న టర్మ్ ఫీజు బాకీలన్నీ మాయం. విజయవాడ పటమటలోని బడి నుంచి అకౌంట్స్ మేడం ఫోన్ చేసి "బాబూ, మా పిల్లలంతా ఫీజులు కట్టేశారట, మీ కంప్యూటర్ చెబుతోంది, హ్యాపీ న్యూ ఇయర్" అన్నారు. ఆవిడ గురించి ఇంకా చెప్పాలి, తరవాత వస్తాను.

అప్పుడు మా పార్ట్‌నర్ ఒక ఫార్ములా రాశాడు. నెల ఆరు లేదా ఆపైన అయితే ఈ ఏడాది, లేకపోతే పోయిన ఏడాది. చాలా అందంగా ఉంటుంది, ఒకే లైను. ఏ టేబుల్ చూడక్కర్లేదు, ఎవరూ ఏ బటనూ నొక్కక్కర్లేదు. మన రాష్ట్రంలో బడులు జూన్ 12న తెరుస్తారు, చిన్నప్పటి నుంచి అంతే, ఇందులో మారేది ఏముంది అన్నాడు. నేనూ ఒప్పుకున్నాను.

తరవాత ఏమైందో అందరికీ గుర్తుండే ఉంటుంది. 2020లో తొమ్మిది, పది తరగతులకు నవంబరు 2న తెరిచారు. 2021లో ఆగస్టు 16న. 2022లో జులై 5న. 2023లో మళ్లీ జూన్ 12కి వచ్చింది, 2024లో జూన్ 13. మా ఫార్ములాకి ఇవేవీ తెలియవు. 2021 జూన్ 1 తెల్లారేసరికి అది సంవత్సరం మార్చేసుకుంది. బడి తెరవలేదు, పిల్లలు ప్రమోట్ కాలేదు, పాత బాకీలు కట్టేవాళ్లు కడుతూనే ఉన్నారు, ఆ రసీదులన్నీ ఇంకా మొదలుకాని సంవత్సరం ఖాతాలో పడ్డాయి. రెండున్నర నెలల రసీదులు. వాటిని వెనక్కి లాగడానికి నేనూ పార్ట్‌నరూ నాలుగు రాత్రులు కూర్చున్నాం. ఆ తరవాత కూడా వాడు ఫార్ములాదే ఒప్పని వాదించాడు, కరోనా లాంటిది వందేళ్లకోసారి వస్తుందట. నా వాదన వేరు. విద్యాసంవత్సరం క్యాలెండర్‌లో ఉండే సంగతి కాదు. అది ఒక నిర్ణయం. ఎవరో ఉత్తర్వు ఇస్తారు, బడిలో ఎవరో ఒకరు పిల్లల్ని పై తరగతికి పంపి "ఇక కొత్త సంవత్సరం" అంటారు. మనిషి తీసుకునే నిర్ణయాన్ని తేదీలోంచి పిండుకోవాలని చూస్తే ఇలాగే ఉంటుంది.

అందుకే ఇప్పుడు సంవత్సరాల టేబుల్లో ప్రతి వరుసకీ ఒక స్థితి ఉంటుంది: అయిపోయింది, నడుస్తోంది, రాబోతోంది. హెడ్మాస్టారు లాగిన్‌లోంచి ఒక బటన్ నొక్కితేనే మారుతుంది. ఇది నేను కనిపెట్టింది కాదు. హాంకాంగ్‌లోని ఒక బడిలో పుట్టిన గిబ్బన్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, దాని టేబుల్లో ఇలాగే ఉంటుంది. అది చూశాక ఇంకో సంగతి కూడా తట్టింది. గిబ్బన్ సెషన్‌లో, అంటే యూజర్ లాగిన్ అయి ఉన్నంతసేపు సర్వర్ గుర్తుపెట్టుకునే వివరాల్లో, సంవత్సరం ఐడీ ఒకటి కాదు, రెండు ఉంటాయి. ఒకటి నిజంగా నడుస్తున్న సంవత్సరం. రెండోది యూజర్ ఇప్పుడు తెర మీద చూస్తున్న సంవత్సరం. మామూలుగా రెండూ ఒకటే. కానీ ఎవరైనా పాత మార్కులు చూద్దామని పైన మెనూలో కిందటేడుకి మార్చుకుంటే అవి విడిపోతాయి. అప్పుడు రిపోర్టు క్వెరీ ఏది తీసుకోవాలి?

ఈ ప్రశ్న చిన్నగా కనిపిస్తుంది గానీ ఇందులోనే అంతా ఉంది. మార్కుల రిపోర్టు చూస్తున్న సంవత్సరాన్ని తీసుకోవాలి, అందులో తర్జనభర్జన లేదు. మరి కొత్త రసీదు? అది ఎప్పుడూ నడుస్తున్న సంవత్సరాన్నే తీసుకోవాలి, క్లర్కు పాత సంవత్సరంలోకి వెళ్లి తిరిగి రావడం మరిచిపోయినా సరే. స్టడీ సర్టిఫికెట్? రెండూ కావు, ఆ పిల్లవాడు చదివిన సంవత్సరాలు కావాలి. మేం ఏళ్ల తరబడి ఒకే వేరియబుల్‌తో ఈ మూడు పనులూ చేయించాం. ఒక్క పేరుతో ముగ్గురిని పిలిచినట్టు, ఎవరు పలికితే వాళ్లు.

సర్టిఫికెట్ మాట వచ్చింది కాబట్టి జిల్లాల సంగతి చెప్పాలి. 2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. విజయవాడ కృష్ణా జిల్లాలోంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. గుంటూరు జిల్లా మూడు ముక్కలైంది, నరసరావుపేట పల్నాడులోకి, రేపల్లె బాపట్లలోకి వెళ్లాయి. మా టీసీ, స్టడీ సర్టిఫికెట్ క్వెరీల్లో "కృష్ణా జిల్లా" అని అక్షరాలే రాసి ఉన్నాయి, మొదటి కస్టమర్ విజయవాడ వాళ్లు కాబట్టి. ఆ వారమంతా ఫోన్లే. అప్పుడు నేను గర్వంగా ఒక సెట్టింగ్ పెట్టాను: బడి వివరాల్లో జిల్లా అని ఒక గడి, రిపోర్టులన్నీ అక్కడి నుంచే తీసుకుంటాయి. ఒకసారి మారిస్తే అన్నిచోట్లా మారుతుంది. సిస్టం వేరియబుల్ గురించి ఏ పాఠంలోనైనా చెప్పే గొప్ప ఇదే కదా.

కొన్ని నెలలకు, 2019లో పది పాసైన అబ్బాయి తండ్రి ఒకాయన వచ్చారు. డూప్లికేట్ స్టడీ సర్టిఫికెట్ కావాలి, కౌన్సెలింగ్‌లో లోకల్ అని చూపించుకోవడానికి. తీసి ఇచ్చారు. ఆ కాగితంలో 2014 నుంచి 2019 వరకు ఎన్టీఆర్ జిల్లాలో చదివినట్టు ఉంది. అప్పుడు ఆ జిల్లాయే లేదు! ఆయన దగ్గరున్న ఒరిజినల్ జిరాక్సులో కృష్ణా జిల్లా. రెండు కాగితాలూ ఒకే బడివి, ఒకే సీలు, ఒకే సంతకం. ఆయన గొడవ పెట్టుకోలేదు, "ఏది నిజం అండీ?" అని మాత్రం అడిగారు. అక్షరాలు నేరుగా రాసి ఉన్నప్పుడు ఈ ఒక్క కాగితం సరిగ్గా వచ్చేది, నేను బాగుచేసి పాడుచేశాను. ఇప్పుడు ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్ వాక్యాలతో సహా అలాగే దాచిపెడతాం. డూప్లికేట్ అంటే మళ్లీ క్వెరీ నడపడం కాదు, దాచిన దాన్ని తీసి పైన డూప్లికేట్ అని వేయడం. బడి సెట్టింగ్‌లో జిల్లాకి ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అని తేదీలు కూడా పెట్టాం. పని పెరిగింది, కాదనను.

ఇక ఆదివారాల కథ. ఇది మాత్రం తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే దీన్ని పట్టుకోవడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది.

గుంటూరులో ఒక బడి, అందులో తెలుగంటే ప్రాణం పెట్టే హెడ్మాస్టారు. హాజరు పట్టీలో సండే, మండే అని కాకుండా వారాలు తెలుగులో రావాలన్నారు. మైఎస్‌క్యూఎల్‌లో దీనికి ఒక సిస్టం వేరియబుల్ ఉంది, తేదీల్లో నెలల పేర్లూ వారాల పేర్లూ ఏ భాషలో ఇవ్వాలో చెప్పేది. చాలామందికి తెలియదు గానీ అందులో తెలుగు కూడా ఉంది, పెడితే సోమవారం, మంగళవారం అని చక్కగా ఇస్తుంది. నాకు పట్టలేనంత సంతోషం వేసింది. కనెక్షన్ తెరిచే ఫైలులో ఒక్క లైను కలిపాను. హాజరు పట్టీ తెలుగులో వచ్చింది, హెడ్మాస్టారు గారు కాఫీ తెప్పించారు.

పది రోజుల తరవాత అదే బడిలో తల్లిదండ్రులు వరసగా ఆఫీసుకి వస్తున్నారు. హాజరు 75 శాతం కంటే తక్కువ ఉన్నవాళ్లకి మెసేజ్ వెళ్లే ఏర్పాటుంది. ఈసారి అది సగం బడికి వెళ్లింది. రోజూ బడికి వచ్చే పిల్లల ఇళ్లకు కూడా! టీచర్లు హాజరు సరిగ్గా వేయలేదని హెడ్మాస్టారు టీచర్ల మీద, సాఫ్ట్‌వేర్ బాగోలేదని టీచర్లు మా మీద. నేను హాజరు టేబుల్ అంతా తిరగేశాను, ఒక్కో పిల్లవాడిదీ చేత్తో లెక్కపెట్టాను, వచ్చిన రోజులన్నీ సరిగ్గానే ఉన్నాయి. వచ్చిన రోజులు సరైనవే అయినప్పుడు శాతం ఎలా తప్పుతుంది? పని దినాల లెక్క తప్పితే. అది చూడాలని నాకు తొమ్మిదో రోజుకి గానీ తట్టలేదు.

పని దినాల క్వెరీ నేను రాసిందే, 2018లో. పండగ సెలవులు టేబుల్లో ఉంటాయి, ఆదివారాలు మాత్రం టేబుల్లో ఎందుకులే అని, వారం పేరు "సండే" కాకుండా ఉన్న రోజులన్నీ లెక్కపెట్టు అని రాశాను. ఆ వేరియబుల్ తెలుగులోకి మారాక డేటాబేస్‌కి ఏ రోజూ సండే కాదు. అది ఆదివారం అంటోంది. సండే లేదు కాబట్టి ప్రతి రోజూ పని దినమే. 30 రోజుల నెలలో నాలుగు ఆదివారాలు పోను 26 పని దినాలు అనుకుంటే, 21 రోజులు వచ్చిన పిల్లవాడికి 80 శాతం దాటాలి. మా క్వెరీ వాడికి 30కి 21 లెక్కేసి 70 అంది. ఒక్క రోజు కూడా మానని అమ్మాయికి కూడా 87 లోపే చూపించింది.

ఎక్కడా ఎర్రర్ లేదు. క్వెరీ ఒక్క అక్షరం కూడా మారలేదు. వేరే ఫైలులో, వేరే పని కోసం, మంచి ఉద్దేశంతో కలిపిన ఒక లైను రిపోర్టు అర్థాన్నే మార్చేసింది. నేను సిస్టం వేరియబుల్స్‌కి భయపడటం మొదలుపెట్టింది ఆ రోజు నుంచి. వారం పేరుతో కాకుండా వారం అంకెతో పోల్చి ఉంటే, ఆదివారానికి 1 వస్తుంది, ఏ భాష పెట్టినా మారదు. అంకెలు రాయకూడదని మొదట అన్నాను కదా, ఇక్కడ అంకె రాయడమే సరైన పని. తమాషా ఏమిటంటే తెలుగు వారాలు పెట్టినందుకు కాదు, ఇంగ్లీషులో ఆలోచించినందుకు దొరికిపోయాను.

తెల్లవారుజాము సంగతి ఇంకోటి. మన రెండు ఊళ్ల చుట్టుపక్కల రెసిడెన్షియల్ క్యాంపస్‌లు ఎన్నున్నాయో, అక్కడ పిల్లల్ని ఎన్నింటికి లేపుతారో బయటివాళ్లకి తెలియదు. ఒక క్యాంపస్‌లో అయిదింటికి స్టడీ అవర్, అప్పుడే రోల్ కాల్. వార్డెన్ ఈరోజు గైర్హాజరు రిపోర్టు తీస్తే నిన్నటిది వస్తోంది. ఎనిమిదింటికి తీస్తే సరిగ్గా వస్తోంది. అద్దెకి తీసుకున్న సర్వర్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తుంది, మన గడియారం దానికంటే అయిదున్నర గంటలు ముందు. అంటే మన దగ్గర తెల్లవారి 5.30 అయ్యేదాకా డేటాబేస్‌కి ఇంకా నిన్నే. పగటి బడులకి ఏడేళ్లలో ఎప్పుడూ రాని తప్పు, అయిదింటికి లేచే బడిలో మొదటి రోజే వచ్చింది. కనెక్షన్ తెరవగానే టైమ్ జోన్ +05:30 అని పెట్టేస్తే పోయింది. ఊరి పేరుతో కూడా పెట్టొచ్చు గానీ దానికి టైమ్ జోన్ టేబుల్స్ విడిగా ఎక్కించి ఉండాలి.

బస్సు చీటీల గురించి కూడా చెప్పి ముందుకి వెళ్తాను. బస్సు ఆయాకి ఇచ్చే చీటీలో స్టాపు పేరు, పక్కన ఒకే గడిలో ఆ స్టాపులో ఎక్కే పిల్లల పేర్లన్నీ కామాలతో. దీన్ని గ్రూప్ కన్‌క్యాట్ అనే ఫంక్షన్‌తో చేస్తాం. ఆ ఫంక్షన్ ఎంత పొడవు వరకు ఇస్తుందో ఒక సిస్టం వేరియబుల్ చెబుతుంది, మైఎస్‌క్యూఎల్‌లో మామూలుగా అది 1024 బైట్లు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు. తెలుగులో అచ్చు, హల్లు, గుణింతం గుర్తు, పొల్లు, ఒక్కోటి మూడేసి బైట్లు. లక్ష్మి అనే పేరుకి ఇంగ్లీషులో 7 బైట్లు, తెలుగులో 21. వెంకట సాయి లక్ష్మి ప్రసన్న లాంటి పేరుకి 72. మనవాళ్లు అంతకంటే పొడుగు పేర్లు కూడా పెడతారు. అలాంటి పేర్లు పద్నాలుగు పట్టి పదిహేనోది మొదలవకుండానే తెగిపోతుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ వస్తుంది, దాన్ని ఎవరూ చదవరు. బెంజ్ సర్కిల్ స్టాపులో పద్దెనిమిది మంది ఎక్కాలి, చీటీలో పద్నాలుగు పేర్లు. ఆయా రోజూ వచ్చే పిల్లల ముఖాలు గుర్తుపట్టి ఎక్కించుకుంది కాబట్టి సరిపోయింది, కొత్త ఆయా అయి ఉంటే ఆ టెన్షన్ తలుచుకుంటేనే ఇప్పటికీ ఏదోలా ఉంటుంది. ఇంకా విచిత్రం, నా ల్యాప్‌టాప్‌లో ఈ తప్పు ఎప్పుడూ రాలేదు. నా దగ్గరున్నది ఎగ్జాంప్ అనే ప్యాకేజీతో వచ్చే మరియాడీబీ, మైఎస్‌క్యూఎల్‌లోంచి పుట్టిన వేరే డేటాబేస్, అందులో 10.2.4 నుంచి అదే వేరియబుల్ హద్దు పది లక్షల బైట్లు దాటింది. అదే క్వెరీ, అదే డేటా, రెండు జవాబులు. "నా మెషీన్లో బాగానే ఉందండీ" అని నేను అన్నప్పుడు నిజంగానే బాగానే ఉంది.

ఎవరు చూస్తున్నారు అన్న వేరియబుల్ విషయంలో మాత్రం నాకు ఏ శంకా లేదు. క్లాస్ టీచర్‌కి తన సెక్షన్ మాత్రమే కనపడాలంటే, టీచర్ ఐడీ సర్వర్ సెషన్ నుంచి రావాలి, బ్రౌజర్ పంపిన దాన్ని నమ్మకూడదు. ఒకప్పుడు మా అడ్రస్ బార్‌లో ఆ అంకె కనపడేది, పక్కవాళ్ల అంకె కొడితే పక్కవాళ్ల సెక్షన్. మూడుల్ అనే ఆన్‌లైన్ పాఠాల సాఫ్ట్‌వేర్‌లో సొంత రిపోర్టులు రాసుకునే ప్లగిన్ ఒకటుంది, అందులో యూజర్ ఐడీ అని రెండేసి పర్సెంట్ గుర్తుల మధ్య రాస్తే, రిపోర్టు చూస్తున్న మనిషి ఐడీ అక్కడ పడుతుంది. రాసినవాడిది కాదు, చూస్తున్నవాడిది. ఈ తేడా ముఖ్యం. ఇలా గుర్తుని చెరిపి అక్షరాలు అతికించే పద్ధతి అంకెలకి పర్వాలేదు. పేర్లకి మాత్రం వద్దు. మా దగ్గర ఒక బస్సు స్టాపు పేరులో, ఒక చర్చి పేరు అది, మధ్యలో కొటేషన్ గుర్తు ఉంది, ఆ ఒక్క స్టాపుకి రిపోర్టు పగిలిపోయేది. పగిలింది కాబట్టి అది ఎంత ప్రమాదమో తెలిసింది, దుర్బుద్ధితో ఎవరైనా అక్కడ వేరే ఏదైనా రాసి ఉంటే పగిలేది కూడా కాదు. విలువల్ని క్వెరీతో అతికించకుండా పారామీటర్లుగా విడిగా పంపాలి.

బ్రాంచి వేరియబుల్‌తో వచ్చిన తంటా వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు ముంచినప్పుడు విజయవాడ బ్రాంచికి వచ్చినన్ని సెలవులు గుంటూరు బ్రాంచికి రాలేదు, కాబట్టి పని దినాలు బ్రాంచిని బట్టి లెక్కవేయాలని అన్నీ లాగిన్ బ్రాంచికి కట్టేశాం. కరస్పాండెంట్ గారికి ఏ బ్రాంచీ లేదు. ఆయన అన్నిటికీ యజమాని. ఆయన లాగిన్‌లో ఆ విలువ నల్, అంటే ఏమీ లేదని గుర్తు, నల్‌తో ఏదీ సమానం కాదు కాబట్టి ఆయనకి రిపోర్టులన్నీ ఖాళీ. డబ్బులిచ్చే మనిషికి ఖాళీ కాగితం చూపించాం.

ఇప్పుడు పటమట అకౌంట్స్ మేడం దగ్గరికి. డేటాబేస్ గురించి ఆవిడకి ఏమీ తెలియదు, ఇరవై ఏళ్లుగా క్యాష్ పుస్తకం రాస్తున్నారు. ఈరోజు వసూళ్ల రిపోర్టు ఎప్పుడూ తన పుస్తకంతో కలవడం లేదని నాతో గొడవ. నేను కూర్చుని, ఈరోజు తేదీ డేటాబేస్ నుంచే వస్తుంది మేడం, అందులో తప్పు రాదు అని వివరించాను. ఆవిడ అన్నది ఇది: "బాబూ, మీ కంప్యూటర్‌కి ఈరోజంటే రాత్రి పన్నెండు నుంచి పన్నెండు. నాకు ఈరోజంటే నిన్న సాయంత్రం నాలుగింటికి క్యాష్ కట్టేసిన దగ్గర్నుంచి ఇవాళ నాలుగింటి దాకా. నాలుగు తరవాత ఎవరైనా కడితే అది రేపటి బ్యాంకు చలానాలోకి పోతుంది. మీ ఈరోజు నాకెందుకు?"

నేను బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని గుంటూరు తిరిగొచ్చేదాకా ఆ మాటే. బ్యాంకుల్లో సిస్టం తేదీ వేరు, బ్యాంకు పని తేదీ వేరు, డే ఎండ్ చేస్తే గానీ తేదీ మారదు. అక్కడ ఎప్పటి నుంచో ఉన్న సంగతే. మన బడి క్యాష్ కౌంటర్‌కి అదెందుకు ఉండకూడదని నాకు తట్టలేదు. ఇప్పుడు అకౌంట్స్ తేదీ అని వేరే వేరియబుల్ ఉంది, మేడం క్యాష్ క్లోజ్ చేస్తేనే అది ముందుకి జరుగుతుంది.

ఆవిడే ఇంకోటి కూడా అడిగారు, మా 61 రిపోర్టుల్లో దానివల్ల వచ్చినంత మార్పు మరి దేనివల్లా రాలేదు. "మీ ఈరోజు ఏదో, మీ సంవత్సరం ఏదో కాగితం మీద పైన రాయండి, రేపు నేను చూసుకోవద్దూ?" ఇప్పుడు ప్రతి రిపోర్టులో శీర్షిక కింద ఒక చిన్న లైను వస్తుంది: ఏ విద్యాసంవత్సరం, ఏ బ్రాంచి, ఏ తేదీ వరకు, తీసింది ఎవరు, ఎన్నింటికి. ఆ లైనులో ఉన్న విలువలే క్వెరీలోకి వెళ్తాయి, క్వెరీ మధ్యలో ఎక్కడా ఈరోజు తేదీ ఫంక్షన్ రాయం, పైన ఒక్కసారి తీసుకుని కిందికి పంపిస్తాం. తెర మీద అవన్నీ గడులుగా కనపడతాయి, సిస్టం వేరియబుల్ వాటిని ముందే నింపి పెడుతుంది, కావాలంటే మనిషి మార్చుకోవచ్చు. యూజర్ ఐడీ ఒక్కటే మార్చడానికి ఉండదు. మా పార్ట్‌నర్ దీన్ని వెనకడుగు అంటాడు. ఆటోమేటిక్‌గా రావాల్సినదాన్ని మళ్లీ క్లర్కుల చేతిలో పెట్టామట. క్లర్కులు తప్పు తేదీ పెడితే? పెడతారు. పెట్టినప్పుడు ఆ తప్పు తేదీ కాగితం మీద పైనే కనపడుతుంది, ఎవరో ఒకరు చూస్తారు. నా ఆదివారాలు ఎవరికీ కనపడలేదు.

భాష, టైమ్ జోన్, పొడవు హద్దు లాంటి డేటాబేస్ సొంత వేరియబుల్స్ అన్నీ ఒకే ఫైలులో, కనెక్షన్ తెరవగానే, కారణంతో సహా రాసి పెట్టుకున్నాం. నేను సహా ఎవరైనా అక్కడ ఒక లైను కలపాలంటే 61 రిపోర్టులూ పాత డేటా మీద నడిపి జవాబులు మారలేదని చూశాకే.

జూన్‌లో మొదలుపెట్టిన పని ఆగస్టుకి అయిపోయింది. 44లో 43 క్వెరీల్లోంచి 7 పోయింది. మిగిలిన ఒక్కదాంట్లో అది ఏడో తరగతి అని తేలింది. సంవత్సరం అంకె నేరుగా రాసి ఉన్న క్వెరీ ఇప్పుడు ఒకే ఒక్కటి ఉంది, అందులో 7 కాదు, 3 ఉంటుంది. అది 2020-21 డీసీబీ. కరోనా ఏడాది ప్రైవేటు బడుల ట్యూషన్ ఫీజులో 30 శాతం తగ్గించాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, అందుకని ఆ క్వెరీలో 3 పక్కన 70 కూడా రాసి ఉంది. ఆడిటర్ సంతకం పెట్టిన లెక్క అది.

మా కుర్రాడు దాన్ని పట్టుకొచ్చాడు. "అన్నా, ఇందులో ఇంకా అంకెలున్నాయి, వేరియబుల్ పెట్టేయనా? ఈ 70 ఏంటసలు?" వాడు 2020లో పరీక్ష రాయకుండానే పది పాసైన బ్యాచ్. ఆ ఉత్తర్వు సంగతి చెప్పాను. "అయితే మా నాన్న ఆ ఏడాది మొత్తం కట్టేశాడే" అన్నాడు. క్వెరీ పైన రెండు గీతలు పెట్టి కామెంట్ రాశాను: ఇది ఆ ఏడాది లెక్క, మార్చొద్దు.